కోట కింద ఎర్ర గీతలు

కొండదారుల సంఘం కార్యదర్శి హుదెక్ గారికి,

మీరు పంపిన ఎర్ర రంగు డబ్బా అందింది. దాన్నేం చేసుకోను? పురుగు పట్టిందని కోట కింద వాలులో చెట్లన్నీ కొట్టేశారని మూడుసార్లు రాశాను. ముప్పై ఏళ్లుగా నేను నడిచేవాళ్లకు దారి తెలిసేలా ఎర్ర గీతలు వేసింది ఆ చెట్ల మీదే. బదులుగా పాతిన గుంజల్ని దుంగల బండ్లు తొక్కేశాయి.

కిందటి నెల అక్కాచెల్లెళ్లిద్దరు పొగమంచులో దారి తప్పి అవతలి లోయలోకి దిగిపోయారు. మర్నాటికి గానీ దొరకలేదు. పెద్దామెకు కాలు విరిగింది.

"చెట్లు లేకపోతే ఆ గీతలు నీ ఒంటి మీద వేసుకుని నిలబడు," అంది మా ఆవిడ ఒతిలియా, వేళాకోళానికి. నేను అదే చేస్తున్నాను. ప్రతి శనివారం ఎర్ర కోటు తొడుక్కుని అడవి అంచున నిలబడి, వచ్చినవాళ్లకు చెయ్యి చాపి దారి చూపిస్తున్నాను. "బస్సు కోసమా తాతా?" అని అడిగిందొక అమ్మాయి.

గురువారం నా మోకాలికి ఆపరేషన్. ఆరు వారాలు మంచం దిగకూడదట. దయచేసి ఎవరినైనా పంపండి. ఒతిలియా ఆ కోటు చేతులు తన కొలతకు మడిచి కుట్టుకుంటోంది. ఆమె కంటికి పది అడుగుల అవతల మనిషి ఆనడు. వద్దంటే, "చెట్లకి మాత్రం కళ్లున్నాయా ఏంటి?" అంటోంది.

మీ పాత గీతలవాడు