తడి తువ్వాలు

అన్నయ్య ఎల్లాజీకి చెల్లెలు నూకరత్నం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, వదిన, నేను కులాసా. బోటు సరిహద్దు దాటిందని మిమ్మల్ని పరాయి దేశం జైల్లో పెట్టినప్పటి నుంచి అమ్మ సముద్రం వైపు చూడడం మానేసింది గానీ, తిట్టడం మానలేదు. సగం తిట్లు నీకే.

నీ ఉత్తరం చాలా ఆలస్యంగా అందింది. వల సంగతి అడిగావు. బాగుచేయించి అటక మీద పెట్టాం. నేను పలాసలో జీడిపప్పు పనికి పోతూనే ఉన్నాను. నాన్నకు జ్వరాలు తగ్గాయా అని కూడా రాశావు. దానికి జవాబు మొదటి నుంచీ రాయాలి.

కిడ్నీలు పాడైన నాన్న వెళ్ళే డయాలసిస్ సెంటర్ గుమ్మం దగ్గరే నుదుటికి మిషన్ చూపించి జ్వరం చూస్తారు కదా. చలికాలంలో ఒకసారి జ్వరం చూపించిందని, పెద్ద డాక్టరు చూశాకే అని నాన్న వంతు ఆపేశారు. ఆ రాత్రి ఆయన ఆయాసం చూడలేకపోయాం. అప్పట్నుంచి ఆ మిషనంటే ఆయనకు హడలు.

మొన్న వేసవిలో ఆటో దిగగానే, "అమ్మీ, ఎండకి మాడు కాలిపోతంది. తువ్వాలు తడిపి తే" అన్నాడు. తడిపి ఇచ్చాను. నుదుటికి అదిమి పెట్టుకుని, తడి ఆరకముందే లోపలికి నడిచాడు. చేయి పట్టుకుంటే పెనంలా ఉంది.

"జొరమేటి నాన్నా?"

"ఎండేలేయే."

మిషన్ జ్వరం లేదంది. నేనూ మిషన్‌నే నమ్మాను.

డయాలసిస్ మధ్యలో వణుకు పట్టుకుంది. నర్సు హేమలత చంకలో థర్మామీటర్ పెట్టి చూసి బెదిరిపోయింది. "నుదురు తడిగుంటే ఈ మిషన్ సల్లగానే సూపిత్తాది రత్నం. తువ్వాలు సంగతి ముందే సెప్పొద్దా?" అంది. అప్పటికే ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకింది. శ్రీకాకుళం తీసుకుపోతుంటే అంబులెన్సులో నాన్న నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"జొరమని తెలిత్తే వంతు ఆపేత్తారే. ఎల్లాజీ వచ్చీదాక నాను బతకాల కదా."

అన్నయ్యా, నాన్న లేడు. తలకొరివి నేనే పెట్టాను. ఆ తువ్వాలు తడిపిన చేత్తోనే పెట్టాను. ఏడుపు ఆగడం లేదు.

ఒక్క మాట విను. మిమ్మల్ని వదిలే ముందు అక్కడ డాక్టరు చూస్తాడంటున్నారు. జ్వరం ఉంటే ఆపేస్తారని నువ్వు దాచకు. ఆయన కొడుకువి, అదే నా భయం. నుదురు తడుపుకోకు. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా సరే, ప్రాణంతో రా.

ఇట్లు,
గుమ్మంలో నీ కోసం చూసే
నీ చెల్లెలు
నూకరత్నం