దౌల్తాబాద్ అనంతమ్మ గురించి

బొంబాయి,
శ్రావణ మాసం

ప్రియమైన సరోజక్కకు,

చెల్లెలు సుశీల దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తమ్మ ఎట్లా ఉన్నారు? బాపు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. హాస్టల్‌లో చీరలు ఆరక ముక్కిపోయిన వాసన వస్తున్నాయి. పప్పులో కూడా బెల్లం వేస్తారు, ముద్ద దిగదు. అయినా బాగానే ఉన్నాను, ఫికర్ పెట్టుకోకు.

నీ ఉత్తరం అందింది. తాండూరు స్టేషన్‌లో బొంబాయి బండి నుంచి ఒక ఆడమనిషి శవాన్ని దించారని, ఆమె కరెంటు మందు తాగిందని విని కూలీలు దగ్గరికి రాలేదని, చివరికి స్టేషన్ డ్యూటీలో ఉన్న బావే చెయ్యి వేశాడని రాశావు. నేను చేసేదీ ఆ మందు పనే కదా, వదిలేసి రమ్మన్నావు.

అక్కా, ఆమె పేరు అనంతమ్మ. మన తాండూరు దగ్గరి దౌల్తాబాద్ ఆమెది. ఆ మందు కొలిచి ఇచ్చింది నేనే.

నా పని గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మీరంతా కరెంటు మందు అంటున్నది సీసం డబ్బాలో వస్తుంది. దానిలోంచి కంటికి కనబడని కిరణాలు వస్తుంటాయి. గొంతు గ్రంథిలో పుండు పుట్టినవాళ్ళు తాగితే, అది ఆ పుండును వెతుక్కుంటూ పోయి లోపలి నుంచే కాలుస్తుంది. సీసం ఇటుకల గోడ వెనక నిలబడి, పొడుగాటి పటకారుతో సీసాలు పట్టుకుని, ఎవరికెంత కావాలో కొలవడం నా పని. ఆ గదిలోకి నాకంటే ముందు ఆడమనిషి ఎవరూ అడుగు పెట్టలేదు. పెళ్ళి కావలసిన పిల్లవు, నీకెందుకన్నారు. నేను వినలేదు.

అనంతమ్మకు జబ్బు అప్పటికే తుంటి ఎముకలకు పాకింది. ఆమెకూ, భర్త భీమప్పకూ హిందీ రాదు. మాట చెప్పడానికి నన్ను పిలిచారు.

"నీది తాండూరా బిడ్డా? గట్లయితే నాకు భయం లేదు" అంది.

మందు తాగాక ఆమెను వేరే గదిలో ఒంటరిగా ఉంచాము. భీమప్ప కూడా తలుపు దగ్గర నుంచే చూడాలి. "ఒక్కలు సుత దగ్గర్కి రారు. నేనేం పాపం జేసిన బిడ్డా?" అని ఏడ్చింది. కొన్నాళ్ళే అమ్మా అన్నాను. రోజూ గడప అవతల నిలబడి ఆమె బిడ్డల ముచ్చట్లు విన్నాను.

తర్వాత ఆ కిరణాలను పసిగట్టే యంత్రం పెట్టి చూశారు. మెడ మీద పెడితే టకటకా మోగింది. తుంటి మీద పెడితే చప్పుడు లేదు. మందు ఎముకల్లోకి చేరలేదు. డాక్టరుగారు నా వైపు చూశారు. చెప్పవలసింది నేనే.

"ఇగ మందు లేదా?"

"లేదమ్మా."

"ఇంటికి తోలుండ్రి. పిల్లలను సూస్త" అంది.

కొన్ని వారాలకు గానీ కూర్చునే ఓపిక రాలేదు. అప్పటికి ఒంట్లో ఆ మందు జాడే లేదు, యంత్రంతో చూసి మరీ పంపాము. నేనే చెయ్యి పట్టుకుని రైలెక్కించాను. ఎక్కువ రోజులు బతకదని తెలుసు. ఇల్లు చేరుతుందనుకున్నాను, అక్కా. పిల్లలను చూస్తుందనుకున్నాను.

నిన్న భీమప్ప ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. "మా గడప ఎవ్వరు తొక్కుతలేరు బిడ్డా. పిల్లలను బాయికాడికి రానిస్తలేరు. మందు అంటుకుంటదంటున్నరు" అని ఉంది.

నేను ఈ పని వదలను. పొద్దున మళ్ళీ సీసం డబ్బా వచ్చింది, మళ్ళీ కొలిచాను. ఆ మందుతో మెడ నయమై నడిచిపోయినవాళ్ళను కూడా చూశాను.

నువ్వొక పని చెయ్యి. బావను తీసుకుని దౌల్తాబాద్‌లో భీమప్ప ఇంటికి పో. పగటిపూట, నలుగురూ ఉన్నప్పుడు పో. వాళ్ళ కడవలో నీళ్ళు ఆ పిల్లల చేత ముంచి ఇప్పించుకుని, అందరూ చూస్తుండగా తాగు. ఎంత చెప్పినా వినరు, చూస్తే నమ్ముతారు.

బాపుకు, మీ అత్తమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించమని బాపుకు చెప్పు. నీకు భయమైతే పోవద్దులే అని రాయాలని రెండుసార్లు కలం ఎత్తాను. రాయలేకపోతున్నాను.

నీ చెల్లెలు,
సుశీల