సోమవారం కారు ఎత్తు

బావగారికి,

కారును నేలకు ఆనేంత కిందికి దించి కార్ల షోలో నిలబెట్టడం మీ సరదా. కాదనను. కానీ ఆదివారం మీదైన ఆ కారు, మిగతా ఆరు రోజులూ మా చెల్లిది. మీరు వేయించిన పొట్టి స్ప్రింగుల పుణ్యమా అని మొన్న స్పీడ్ బ్రేకర్ మీద కింద గీసుకుని ఆయిలంతా కారిపోయింది. ఆసుపత్రిలో ఆమె డ్యూటీ మొదలయ్యే వేళకు నడిరోడ్డు మీద నిలబడి ఉంది. "పోనీలే అన్నయ్యా, రోజూ గొడవెందుకు, ఉద్యోగం మానేస్తా" అంది ఫోన్లో. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. సరదా మీదైతే మానుకోవడం ఆమె వంతా? ఇదెక్కడి న్యాయం?

ఇప్పుడేమో స్పానర్‌తో ఎత్తు మార్చే సస్పెన్షన్ వేయించి, "సోమవారం పొద్దున్నే నేనే పైకి లేపుతాలే" అన్నారట. సోమవారం మిమ్మల్ని లేపడానికే ఇంకో మనిషి కావాలి. గాలితో లేచేది వేయించండి. నడిపేవాళ్లే బటన్ నొక్కి లేపుకుంటారు.

శుక్రవారం రాజీనామా ఇస్తుందట. ఈలోపే ఆమెను షెడ్డుకు తీసుకెళ్లండి. ఏది వేయాలో మెకానిక్‌కు ఆమెనే చెప్పనివ్వండి. నేను చెప్పింది కాదని మరొకటి ఎంచుకున్నా సరే, నోరు మూసుకుంటాను. అది నాకెంత కష్టమో మీకు తెలుసు.

మీ బావమరిది