పేరు పెట్టి అరవాలి

చిరంజీవి తమ్ముడు మురళికి, తిరుప్పూరు నుంచి అక్క భువన దీవించి రాస్తున్నది.

నేనిక్కడ క్షేమం, కుడి మణికట్టు ఒక్కటి తప్ప. అదీ తగ్గుతోంది, అందుకే కలం పట్టగలిగాను. నగరిలో మీరంతా బాగున్నారని తలుస్తాను. నాయన దగ్గు తగ్గిందా? అమ్మ మోకాలికి తైలం రాస్తున్నారా, సీసా ఇంకా అలమరలోనే ఉందా? ఫోన్‌లో చెబుదామంటే నా రెండో మాటకే అడ్డొస్తావు. ఉత్తరానికి అడ్డు రాలేవు. చివరిదాకా చదువు.

పని బాగానే ఉంది. కాలర్లు కుట్టే లైనులో వేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లే, చొక్కా మొత్తం ఎలా ఉంటుందో ఇంతవరకు చూడలేదు. దూది ముక్కులోకి పోతుంది గానీ, మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, నాకది కొత్త కాదు. ఎండ మన దగ్గరంత లేదు. హాస్టలు సాంబారులో ముల్లంగి తప్ప మరేమీ ఉండదు. ఆదివారాలు మాత్రం గదిలో కూర్చుంటే ఏడుపొస్తుంది. అది అమ్మకు చెప్పకు, బాగున్నానని చెప్పు.

రోడ్డు మలుపులో సెల్వి అనే ఆవిడ టిఫిన్ బండి పెట్టుకుంది. ముల్లంగి భరించలేక రోజూ సాయంత్రం ఆమె దగ్గరే రెండు దోసెలు తింటాను. తినేది పది నిమిషాలు, కబుర్లు అరగంట. ఆమె పిల్లల పేర్లు నాకు తెలుసు, నాయన దగ్గు సంగతి ఆమెకు తెలుసు.

ఇక అసలు సంగతి. అమ్మ భయపడుతుందని సగమే చెప్పాను. ఆ సగానికి నువ్వు మసాలా పూసి ఊరంతా పంచావు. పూర్తిగా విను.

కంపెనీ వ్యాను మమ్మల్ని ఆ మలుపులోనే దించుతుంది. హాస్టలు ఒక వీధి దూరం. బైకు మీద ఒకడు మూడు రోజులు నా వెంట వచ్చాడు. పేరేమిటి, ఏ ఊరు, ఎక్కించుకుని వెళ్లనా అని. నేను తల తిప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు నాయన దగ్గర కర్రసాము నేర్చినదాన్ని, తమ్ముడు కరాటే మాస్టరు, వీడెంత అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం వాడు బైకు ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు.

నేనేం చేశానో తెలుసా? వంగి, ఎడమ చేత్తో నేలను తాకి కళ్లకద్దుకున్నాను. నవ్వకు. చెయ్యి దానంతట అదే పోయింది. "నేలకి మొక్కకుండా చెయ్యెత్తేవాడు రౌడీ నా కొడుకు, సాము నేర్సినోడు కాడు" అని నాయన ఎన్నేళ్లు చెప్పాడు మనకు. నాయనను తప్పుపట్టను. గంగమ్మ జాతర సాములో ఎదుటివాడూ వంగుతాడు. వీధిలో వాడు వంగడు. కాళ్లు పట్టుకోబోతున్నాననుకున్నాడో ఏమో, పళ్లికిలించి మణికట్టు మెలిపెట్టాడు.

అప్పుడు నీ విద్య గుర్తొచ్చింది. పోయినసారి సెలవులకు వచ్చినప్పుడు మేడ మీద నేర్పావే, "ఒక్క తన్నుకి వాడు ఆరడుగుల దూరం పడాల, సూడక్కా" అని. తన్నాను. భుజాన క్యారియరు సంచి, మెడలో చున్నీ, కాళ్ల కింద కంకర. పడింది నేనే, అదీ మెలిపడిన చెయ్యి మీద. నీ మేడ మీద కంకర లేదు. నీ ఎదుట నిలబడింది మన చెల్లెలు హేమ, నువ్వు కాలెత్తక ముందే పడిపోయేది పాపం, మళ్లీ మళ్లీ తన్నించుకోలేక.

కాపాడండి అని అరిచాను. తెలుగులో అరిచాను, తమిళంలోనూ అరిచాను. ఎదురు మేడ మీద ఒక పెద్దమనిషి బనీనుతో బయటికి వచ్చి చూసి, లోపలికి పోయి కిటికీ వేసుకున్నాడు. ఇద్దరు నడుస్తూ ఆగి, మొగుడూ పెళ్లాల గొడవనుకుని వెళ్లిపోయారు. భయమేసింది మురళీ. చాలా భయమేసింది. అప్పుడు నోటికి తెలిసిన పేరొకటి వచ్చింది. "సెల్వక్కా" అన్నాను.

ఆమె అట్లకాడతోనే వచ్చింది. దోసెల కోసం నిలబడ్డ నలుగురూ ఆమె వెనకే వచ్చారు. తిట్టలేదు, కొట్టలేదు. మామూలు గొంతుతో తమిళంలో, "ఏంరా శరవణా, మీ అమ్మ ఇంకా పూలకొట్లోనే కూర్చుంటోందా?" అని అడిగింది. వాడు పొద్దున ఆమె దగ్గరే ఇడ్లీ తింటాడట. తన పేరు వినగానే వాడి పట్టు వదులైంది. "అడ్రసు అడిగానంతే అక్కా" అంటూ బైకు తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళం బైకుకే ఉంది. ఇంతటివాడికా నేను అంతగా భయపడింది! మొదటి రోజే సెల్వక్క చెవిన వేసి ఉంటే నాలుగో రోజు ఉండేదే కాదు. అది నా తెలివితక్కువ, ఒప్పుకుంటాను.

సంగతి తెలిసి మర్నాడు కంపెనీవాళ్లు ఆత్మరక్షణ నేర్పే శిక్షకుణ్ణి తెప్పించారు. ఆయన తన వెంట తెచ్చుకున్న మనిషిని నాలుగుసార్లు కింద పడేశాడు. ఆ మనిషి ఎంతో చక్కగా పడ్డాడు, పడటంలో ఆరితేరినవాడు. మేం చప్పట్లు కొట్టి మళ్లీ కాలర్ల దగ్గరికి వెళ్లాం.

వాళ్లననేదేముంది, వాళ్లకు నేనెవరు. నువ్వు? అమ్మకు పంపిన నా వాచిన చేతి ఫోటో తీసుకుని, మా అక్కకే ఇలా జరిగింది, మీ ఆడపిల్లల్ని ఈ రోజే నా క్లాసులో చేర్పించండి అని స్టేటస్ పెట్టావట. తొమ్మిది మంది చేరారట. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నువ్వు నేర్పిన తన్ను తన్ని పడిన చెయ్యి అని కూడా రాయాల్సింది.

అది చాలక హేమను ఇక్కడికి పనికి పంపొద్దంటున్నావు. నిన్న అది ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, నాయన పొమ్మన్నాడు, అన్నే వద్దంటాండాడు. ఆర్నెల్లు నా తావ నేర్సుకుంటేగానీ యాడికీ పోయేది లేదంటాడు" అని. దానికి మా కంపెనీ చెకింగ్ సెక్షనులో చోటు ఇప్పించాను. వచ్చే సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ ఎప్పటికో. ఈలోగా అది నీ క్లాసు పిల్లలకు హాజరు వేస్తూ, నీ తన్నులకు పడుతూ మేడ మీదే ఉండాలి. నీ ఎత్తు అదే. దాని క్షేమం కోసమని నాకు చెప్పకు.

ఆ తొమ్మిది మందికి నిజంగా మేలు చేయాలనుంటే ఇది నేర్పు. కొత్త చోటికి వెళితే మొదటి వారంలోనే పదిమంది పేర్లు తెలుసుకోవాలి, తన పేరు పదిమందికి చెప్పాలి. ఎవడైనా వెంటపడితే ఆ రోజే నోరు విప్పాలి, వాడెవడో కనుక్కోవాలి. అరిస్తే పేరు పెట్టి అరవాలి. ఊరికే కాపాడండి అంటే ఎవరినో అనుకుని అందరూ ఊరుకుంటారు. దీనికి తెల్లబట్టలూ నల్లబెల్టూ అక్కర్లేదు కాబట్టి నీకు గిట్టుబాటు కాదు, తెలుసు.

ఆ ఫోటో ఈ రోజే తీసెయ్. ఆదివారం హేమను బస్సెక్కించు, నేనూ సెల్వక్కా బస్టాండుకు వస్తాం. దాని చేతికి కాస్త చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ ఇచ్చి పంపమని అమ్మకు చెప్పు. నాయనకు నా నమస్కారాలు, ఆయన విద్యను తక్కువ చేయలేదని చెప్పు. పెద్దమ్మను, పక్కింటివాళ్లను అడిగానని చెప్పు.

హేమ పేరు ఇక్కడ సెల్వక్కకు తెలుసు. ఇస్త్రీ బండి పెరుమాళ్‌కు తెలుసు. హాస్టలు ఎదురు కొట్టు ముసలమ్మ రోజూ "హేమ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతోంది. నేను ఈ వీధిలో దిగిన రోజు నా పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

అమ్మానాయనల దీవెనలు కోరుతూ,
నీ అక్క,
భువన