బొంత కింద ఉద్యోగం

శ్రీముఖలింగం,
శ్రావణ సోమవారం.

శైలజా,

ఆశీర్వాదం తరువాత. ముందు ప్రశ్న. పని చెప్పేవాడి ముఖం చూడకుండా, ఊరూ పేరూ విచారించకుండా, వాడి పని నెత్తికెత్తుకున్న మనిషిని నువ్వు ఏ యుగంలోనైనా విన్నావా? అశోకవనంలో సీతమ్మవారు అంత దుఃఖంలో ఉండి కూడా, వచ్చినవాడి చేతిలో ఉంగరం చూశాకే నమ్మింది. నీకు ఎవడు ఏ ఉంగరం చూపించాడని ఆసుపత్రి కౌంటరు ఉద్యోగం మానేశావు?

మొన్న మీ అమ్మ వచ్చి మీ అత్త తాయారు దగ్గర కూర్చుని ఏడ్చింది. విజయనగరంలో మీ ఇంట్లో నువ్వు మంచం చుట్టూ బొంతలు గుడారంలా కట్టి, అందులో దూరి, ఒంటరిగా మాట్లాడుతున్నావట. ఒకసారి ముసలమ్మ గొంతు, ఒకసారి మగవాడి గొంతు, మధ్యలో ఏడుపు. ఏడ్చి, "సరిగ్గా రాలేదు" అనుకుని మళ్లీ ఏడుస్తున్నావట. "అన్నియ్యా, పిల్లకి ఏటో పట్టేసినాది" అంది నా చెల్లెలు. నేను దెయ్యాలను నమ్మను. తన ఏడుపుకు తానే వంక పెట్టుకునే దెయ్యం ఏ పురాణంలోనూ లేదు. కాబట్టి ఇది నీ సొంత బుద్ధి అని తేల్చుకుని మరింత భయపడ్డాను.

దసరా దాకా చూస్తాను. ఈలోగా నీది పనేనని రుజువు చెయ్యి. లేదా వెళ్లి కౌంటరులో కూర్చో. మీ అమ్మ నా మాట దాటదని నీకు తెలుసు. ఫోను చేయవద్దు. కార్తీకం వెళ్లేదాకా ఫోను ముట్టనని స్వామి ఎదుట దీక్ష పట్టాను. మనుషులు మళ్లీ కాగితం మీద రాసుకుంటే అబద్ధాలు సగం తగ్గుతాయి.

నీ మేలు కోరి కోప్పడే
మేనమామ నరసింగరావు

తా.క.: ఆ బొంతల్లో మా అమ్మ కుట్టినది ఉంటే కింద పరవకు. అందులో మీ తాత పంచె ఉంది. తన మీద ఎవరైనా కూర్చుంటే ఆయన బతికున్నప్పుడే ఊరుకునేవాడు కాదు.


విజయనగరం

మావయ్యా,

మీ కోపం క్షేమంగా చేరింది. ఆశీర్వాదం కూడా దాని వెనకాలే వచ్చింది. రెంటికీ నమస్కారం.

నాకు ఏమీ పట్టలేదు. జనం ఇప్పుడు కథలను ఫోనులో వింటున్నారు. ఆ కథలు చదవడానికి గొంతులు కావాలి. నేను ఇంట్లో కూర్చుని చదివి, రికార్డు చేసి పంపుతాను. దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటారు. ఒకరి దగ్గర కట్టుబడి ఉండడం కాదు. మీ ఊళ్లో వడ్రంగి గంగులు ఈ ఇంట్లో తలుపు చేసి, ఆ ఇంట్లో మంచం బాగుచేసినట్టు, ఏ పనికి ఆ పని. ఆటోల మోత, పక్కింటి మిక్సీ రికార్డులోకి రాకుండా ఉండాలని బొంతలు కట్టాను. డబ్బున్నవాళ్లు గోడలకు స్పాంజీ అతికించుకుంటారు. నాకు అమ్మమ్మ ఉంది.

ముఖం సంగతి అడిగారు. కంసుడికి మాట చెప్పిన ఆకాశవాణికి ముఖం ఉందా? అయినా అందరూ నమ్మారు కదా.

అసలు కష్టం వేరే ఉంది. పనులు దొరికే సైటులో నా పేజీ పెట్టుకున్నాను. నా గొంతు మచ్చులు ఉంచాను. కింద ఎవరైనా నా గురించి నాలుగు మంచిమాటలు రాస్తే, అవి చూసి కొత్తవాళ్లు పని ఇస్తారు. ఎవరూ పని ఇవ్వకుండా మంచిమాట రాసేదెవరు? రోజూ తెరిచి చూస్తే ఖాళీగా ఉంటోంది. పూణేలో ఇలాంటి కథలు తయారుచేసే ఒక కంపెనీలో అనితగారనే మేనేజరు ఒక్కరే, శ్రీకాకుళం యాసలో కోపిష్ఠి పెద్దాయన మాట్లాడే కథకు మచ్చు పెట్టమన్నారు. పెట్టాను. ఆమె విని సరే అంటే నేను గట్టెక్కినట్టే.

మీ శైలజ

తా.క.: కోపిష్ఠి పెద్దాయన గొంతు కోసం ఎవరిని తలుచుకున్నానో దయచేసి అడగకండి.


శ్రీముఖలింగం,
వినాయక చవితి వెళ్లాక.

శైలజా,

ఆకాశవాణిని నమ్మిన కంసుడు చివరికి ఏమయ్యాడో కూడా చదివి ఉంటే బాగుండేది. అయినా నీ కష్టం నాకు అర్థమైంది. మన దగ్గర కొత్త మనిషిని పనిలో పెట్టుకోవాలంటే ఏం చేస్తాం? ఎరిగినవాళ్లు నలుగురూ వచ్చి వాడి మంచీ చెడూ చెబుతారు. ఒక పెద్దమనిషి పూచీ పడతాడు. ఆ నలుగురూ నీకు లేరు. అంతే కదా? ఇంత చిన్నదానికి బొంతలో దూరి ఏడవడం దేనికి?

సోమవారం గుళ్లో నా పురాణ ప్రసంగం అయ్యాక జనాన్ని కదలనివ్వలేదు. మా శైలజ గురించి ఎరిగినదంతా చెప్పండి, నిజమే చెప్పండి, ఒక్క అబద్ధానికి ధర్మరాజు రథం నేలకు దిగింది, మీకు రథాలు కూడా లేవు అన్నాను. ఇక చూడు, వరస కట్టారు. బడి మోహనకృష్ణ మాస్టారు నీ పేజీ వెతికి పట్టుకుని, ఎవరి ఫోనులో వాళ్ల మాట రాసి నీ పేజీ కింద చేర్చారు.

గంగులు ఏమన్నాడంటే, "ఈ పిల్ల గొంతు ఇప్పినాదంటే గట్టవతల ఎడ్లు ఆగిపోతాయి. మా జామకాయలు మాత్రం అడక్కుండా కోసీసినాది." అప్పలసూరి, "పిల్ల మంచిదే. మాట ఇంటాదని మాత్రం నాను సెప్పలేను" అన్నాడు. మీ అత్త నీకు వంట రాదని రాయించింది. పులుసు మాడ్చిన సంగతి కూడా చేర్చమంటే నేనే వారించాను. నా వంతుగా, కోపం మేనమామ పోలిక, మనసులో ఏమీ ఉంచుకోదు అని రాయించాను.

ఇక పని రాకపోతే అడుగు.

నీ నరసింగరావు మావయ్య

తా.క.: నా దీక్ష చెడలేదు. మాస్టారి ఫోను నేను ముట్టలేదు. అదే నా నోటి దగ్గరకు వచ్చింది.


విజయనగరం

మావయ్యా,

నమస్కారం.

నా పేజీ మూసేశారు. ఒకే ఊరి నుంచి ఒకే పూట అంతమంది నా గురించి రాయడంతో, ఇవి దొంగ సాక్ష్యాలని సైటువాళ్లకు అనుమానం వచ్చింది. తాళం వేశారు. అనితగారి కోసం పెట్టిన మచ్చు కూడా లోపలే ఉండిపోయింది. ఆవిడ వినక ముందే అంతా అయిపోయింది. ఆవిడ దగ్గర నుంచి ఒక్క ముక్క వచ్చింది. "వీళ్లంతా నిజంగా ఉన్న మనుషులేనా?" విషయం ఎంతదాకా వెళ్లిందో మీకు తెలియాలని ఆ మెయిలు, చిరునామాతో సహా వెనకవైపు దించాను.

అమ్మ నా కౌంటరు చీర ఇస్త్రీ చేయించి తలుపుకు తగిలించింది. బొంతలోంచి తల బయట పెడితే అదే కనిపిస్తోంది. నాకు ఈ పని వచ్చు మావయ్యా. ఇన్నాళ్లకు ఒకటి బాగా వచ్చు అనిపించింది. మీరు నా కోసమే చేశారు, తెలుసు. అందుకే దండం పెడుతున్నాను. ఇంకేమీ చేయకండి.

శైలజ

తా.క.: అప్పలసూరి మావ తన సాక్ష్యం కింద, "నాను కొబ్బరిసెట్లు ఎక్కుతాను, పనుంటే సెప్పండి" అని ఫోను నెంబరు కూడా ఇచ్చాడు. పేజీ మూసేలోగా బెంగళూరు నుంచి ఆయనకు కబురు వచ్చింది. నాకు ఎవరూ పంపలేదు.


శ్రీముఖలింగం

శైలజా,

ఆశీర్వాదం. నీ ఉత్తరంలో "ఇంకేమీ చేయకండి" అన్న మాట దాకా నేను చదవలేదు. "నిజంగా ఉన్న మనుషులేనా" దగ్గరే లేచాను. మిగతాది తిరిగి వచ్చాక చదివాను. అప్పటికి చేసేశాను.

అందరినీ మళ్లీ గుళ్లో నిలబెట్టాను. ఒక్కొక్కరూ ఇంటిపేరు, తండ్రి పేరు చెప్పి, తమ సాక్ష్యం మళ్లీ చెప్పారు. మాస్టారు వీడియో తీసి, నువ్వు దించిన చిరునామాకు పంపారు. గంగులు రుజువుగా జామకొమ్మ విరిచి తెచ్చాడు. వీడియో చివర నేను ఆ అనితమ్మను ఉద్దేశించి మాట్లాడాను. నువ్వు అడగవలసిందే అడిగావు తల్లీ, సీతమ్మ కూడా అడిగింది, ఇదిగో ఉంగరం అన్నాను. "ఈ పిల్లకి నాను పూచీ. పని సెడగొడితే నన్నడుగు" అన్నాను.

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆలోచనలో పడ్డాను. దసరా గడువు పెట్టినవాడినీ నేనే, పూచీ పడ్డవాడినీ నేనే. రెండు వైపులా నేనే నిలబడితే తీర్పు ఎవరు చెప్పాలి? అందుకని గడువు తీసేశాను. మీ అమ్మకు వేరే ఉత్తరం రాశాను. ఆ చీర మడిచి పెట్టెలో పెట్టమన్నాను.

నీ పూచీదారు
నరసింగరావు

తా.క.: నా మాటలు పొడవై వీడియోను రెండు ముక్కలు చేయవలసి వచ్చిందట. రెండో ముక్కలో నీ ప్రస్తావన లేదు. అంతా వేదాంతమే.


విజయనగరం

మావయ్యా, మావయ్యా,

ఇంతకంటే సంబోధన రాయలేను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. ఈసారి రికార్డు కోసం కాదు.

తాళం తీశారు. మీ వీడియో అనితగారే సైటువాళ్లకు పంపారట. ఆవిడ నాతో ఏమన్నారంటే, "డబ్బిచ్చి రాయించుకున్న సాక్ష్యంలో జామకాయల దొంగతనం ఉండదు కదండీ." తరువాత నా మచ్చు విన్నారు. కథ మొత్తం నాకే ఇచ్చారు. చెప్పే గొంతు నాది, ఆడవాళ్ల గొంతులన్నీ నావి. అమ్మ ఆ ఇస్త్రీ చీర తానే కట్టుకుని పైడితల్లి గుడికి వెళ్లింది. ఇన్ని రోజుల తరువాత ఇంట్లో అందరం ఒక్కసారిగా ఊపిరి వదిలాం.

ఒక్క పాత్ర మాత్రం నాకు ఇవ్వలేదు. కోపిష్ఠి పెద్దాయన. మీ వీడియో రెండో ముక్క వాళ్లు ఆఖరుదాకా విన్నారట. ఆ గొంతే కావాలంటున్నారు. ఆయన మాటలన్నీ దీనితో పంపుతున్నాను. బొంత ఎలా కట్టాలో అడుగున బొమ్మ గీశాను.

మీ శైలజ

తా.క.: "ఒప్పుకుంటున్నాను" అనే బొత్తాం ఫోనులో మీరే నొక్కాలి. దీక్ష సంగతి మీరూ స్వామీ మాట్లాడుకోండి.


శ్రీముఖలింగం,
తెల్లవారగానే.

శైలజా,

దీవెనలు నువ్వు వచ్చాక ఇస్తాను.

బొత్తాన్ని దర్భపుల్లతో నొక్కాను. ఫోను పలకలేదు. మీ అత్తను పిలిచి నొక్కమన్నాను. నొక్కింది. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడే చెడింది.

నిన్న బొంతలు కట్టి లోపలికి వెళ్లాను. చెప్పాలి కదా, ఆ చీకట్లో మనిషికి తన గొంతు మొదటిసారి వినిపిస్తుంది. ఇన్నేళ్లూ జనం ముఖాలు చూసి మాట్లాడాను. ముఖం లేని మాటకు ఇంత బలం ఉందని నాకు తెలియలేదు. ఆకాశవాణి విషయంలో నీదే ఒప్పు. ఆ ఊపులో "ఎవడ్రా నా ఇంట్లోకొచ్చినాడు" అనే మాట పట్టుకుని, బాగా రాలేదని మళ్లీ, మళ్లీ అరిచాను. తల బయట పెట్టేసరికి మీ అత్త విభూతి పట్టుకుని నిలబడి ఉంది.

ఇది ఉద్యోగం అన్నాను. నా మేనకోడలు చేసే పనే అన్నాను. "అదే సెప్తన్నాను. ఆ పిల్లని వదిలేసినాది. ఉత్తరాల ఎంబడి వచ్చి మీకు పట్టుకున్నాది" అంది. దెయ్యం పట్టినవాడు పట్టలేదనే అంటాడట. ఏటి అవతల నుంచి భూతవైద్యుడిని పిలిపించింది. వేపమండలు అప్పుడే తెంపి ఉంచారు. గంగులు, అప్పలసూరి అరుగు మీద కూర్చుని సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. నిజమే చెబుతారట. అదే నా భయం.

నాకు పూచీ పడే మనిషివి నువ్వొక్కతివే. మీ అమ్మను కూడా తీసుకురా. ఈ ఉత్తరం బస్సు కండక్టరు చినబాబు చేతికిచ్చి పంపుతున్నాను. అతని బస్సు అక్కడి నుంచి తిరిగి బయలుదేరేలోగా అందులో కూర్చో. రేపు అనకు, మధ్యాహ్నం అనకు, ఈ రోజే రావాలి. మైకు కూడా తీసుకురా.

నీ తోటి ఫ్రీలాన్సర్
నరసింగరావు

తా.క.: పెరట్లోంచి ఎండుమిరపకాయల పొగ మొదలైంది. చదివింది చాలు. లే, బయలుదేరు.