రిఫ్రెష్ వ్రతం

జూన్ 2, సోమవారం. ధర్మవరం.

ఈరోజు నుంచి జీవితంలో ఏ సంగతీ జ్ఞాపకంలోంచి తీసి చెప్పను. అడిగి, తెలుసుకుని, అప్పుడే చెబుతాను. ఇది వ్రతం!

కారణాలు రెండు.

ఒకటి: ఉలిగప్ప పట్టుచీరల అంగడికి నేను రాసిన ప్రోగ్రాం. దానికీ, చీరల వివరాలన్నీ ఉండే డేటాబేస్‌కీ మధ్య ఓఆర్ఎం అనే మధ్యవర్తి ఉంటుంది. ఒకసారి తెచ్చిన వివరాన్ని దాచుకుని, మళ్ళీ అడిగితే ఆ పాతదే చూపిస్తుంది. అమ్ముడుపోయిన మగ్గం చీర ఇంకా అంగట్లోనే ఉందని చూపించింది. అలాంటి చీర లోకంలో ఒక్కటే ఉంటుంది. దానికోసం ఇద్దరు పెళ్ళికూతుళ్ళు వచ్చారు.

రెండు: మా ఆవిడ వసుంధర. పెనుకొండలో ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరి మూడు నెలలైంది. రోజూ బస్సులో పోయి వస్తోంది. నేనేమో మొన్న బంధువుల పెళ్ళిలో అందరి ముందూ, "ఈమె ఖాళీగానే ఉంది, ఏదైనా ఉద్యోగముంటే చూడండి" అన్నాను. ఆ పూటే హిందూపురంలోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆమె తిరిగి రావాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

జూన్ 3, మంగళవారం.

ప్రోగ్రాంలో ఎక్కడ పడితే అక్కడ రిఫ్రెష్ పెట్టేశాను. ఇక ప్రతిసారీ డేటాబేస్‌నే అడుగుతుంది. అద్భుతం!

ఇంట్లోనూ అమలు. అరగంటలో నాలుగుసార్లు మా అవ్వను బాగున్నావా అని అడిగాను.

"ఏమిరా సంతోషూ, నేను చస్తానని యవురన్నా చెప్పినారా?" అంది.

జూన్ 4, బుధవారం.

ఉలిగప్ప ఫోను. "ఏమప్పా, చీర రంగు నేను రాస్తాండా, ఇది తుడుస్తాండాది. మళ్ళా రాస్తే మళ్ళా తుడుస్తాండాది. దీనికేమన్నా పూనకమా?"

అర్థమైంది. సేవ్ చేయకముందే రిఫ్రెష్ కొడితే, మనం కొత్తగా రాసింది పోయి పాతది వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది. నేను చదవలేదు.

సాయంత్రం వసుంధరకు ఫోన్ చేశాను. క్షమాపణ అంతా కంఠతా పట్టాను. కానీ వ్రతం కదా, ముందు తాజా వివరం అడిగాను.

"ఇప్పుడు కోపం ఎంతుంది?"

"పొద్దున కొంచెం తగ్గినాది. నువ్వు అడిగినాక మళ్ళా పెరిగింది."

కంఠతా పట్టిందంతా తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత పదినిమిషాలకోసారి చేసి, ఇప్పుడెంత, ఇప్పుడెంత అని అడిగాను. నా నంబరు బ్లాక్ చేసింది.

జూన్ 5, గురువారం.

వ్రతానికి చిన్న సడలింపు. మారనివాటికి రిఫ్రెష్ అనవసరం. ఉదా: అవ్వ, ఉలిగప్ప, ఎండ.

జూన్ 6, శుక్రవారం.

ప్రతిదానికీ డేటాబేస్‌ను అడుగుతూ ప్రోగ్రాం మరీ నెమ్మదైందని ఉలిగప్ప గోల. రోజుకొక్క రిఫ్రెష్ చాలు, పొద్దున్నే. ఒక్క రోజులో ఏం మారిపోతుంది?

జూన్ 7, శనివారం.

మారింది.

బత్తలపల్లి వాళ్ళకు పొద్దున అమ్మిన చీరనే మధ్యాహ్నం బుక్కపట్నం వాళ్ళకూ అమ్మారు. తీసుకుపోదామని ఇద్దరు పెళ్ళికూతుళ్ళూ ఒకేసారి వచ్చారు. ఒకరు కొంగు, ఒకరు కుచ్చిళ్ళ వైపు పట్టుకున్నారు. మధ్యలో ఉలిగప్ప చీర కింద దూరి నిలబడ్డాడు.

"సంతోషప్పా, నీ వ్రతం నాశనం గాను" అన్నాడు లోపలినుంచి.

నేను వెనక వాకిలిలోంచి వచ్చేశాను. వ్రతం బంద్. మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకోవాలి.

జూన్ 8, ఆదివారం.

ఎవరినీ అడగకుండా హిందూపురం పోయాను. ఆదివారం కాబట్టి వసుంధర పుట్టింట్లోనే ఉంటుంది. నాకు తెలుసు.

వాకిట్లో అత్త నీలావతి. "ఏమప్పా, ఈడికొచ్చినావు? ఆయమ్మి ఇందాకే బ్యాగు ఎత్తుకొని మీ ఇంటికే పాయ కదా."

తిరుగు బస్సెక్కాను. పెనుకొండలో దిగి ధర్మవరం బస్సు కోసం చూస్తుంటే, బెంచీ మీద వసుంధర. ఆమె బస్సూ ఇంకా రాలేదు.

పక్కన కూర్చున్నాను.

"నేనేం పని చేస్తాండానో చెప్పు" అంది.

ప్రాణం లేచొచ్చింది. ఈ జవాబు వారం నుంచి నిద్రలో కూడా వల్లిస్తున్నాను.

"ఇన్సూరెన్స్ ఆఫీసు. క్లెయిములు చూస్తాండావు. ఈడే, పెనుకొండలో."

"మొన్నటిదాకా. రేపట్నుంచి ధర్మవరం ఆఫీసు. ఇంటికి దగ్గరని నేనే అడిగి మార్పించుకున్నా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మీద అంత కోపంలోనూ ఆమె ఇంటి దారి వెతుక్కుంది. నా దగ్గర మళ్ళీ పాత వివరమే ఉంది.

ఆమె నవ్వలేదు. కానీ బస్సు రాగానే బ్యాగు నా చేతికిచ్చింది.

జూన్ 9, సోమవారం.

వ్రతం మళ్ళీ మొదలు. ఈసారి పద్ధతిగా. ముందు మన మాట సేవ్ చేయాలి, ఆ తర్వాతే రిఫ్రెష్.

నిద్ర లేవగానే, ఆమెనేమీ అడగకుండా, క్షమాపణ మొత్తం చెప్పేశాను. ఆఖరి మాటదాకా విన్నది. అప్పుడు అడిగాను.

"కాఫీనా, టీనా?"

నా వైపు తిరిగింది. "పెండ్లయినప్పట్నుంచి ఈ మాట నువ్వడిగింది ఇదే మొదులు. టీ."

నాలుగేళ్ళుగా రోజూ ఆమె ముందు కాఫీ పెడుతున్నాను. ఆమె రోజూ తాగుతోంది.

ఇంకా ఏమేమి అడగలేదో రేపు అడుగుతాను. ఈరోజుకు టీ పెట్టడం నేర్చుకోవాలి.