చూపు ఉండగానే ఊటీ

12 ఏప్రిల్ 1966, మంగళవారం. మంథని.

ఇంతవరకు ఈ పుస్తకంలో పాలు, వడ్లు, చాకలి బట్టల లెక్కలే రాశాను. ఈరోజు వేరే సంగతి రాయవలసి వచ్చింది. మావారి ఎడమ కన్ను పూర్తిగా పోయిందని కరీంనగర్ కంటి డాక్టరు చెప్పాడు. గ్లాకోమా. కుడి కన్ను కూడా ఈ ఎండాకాలం దాటదని మా అబ్బాయి కైలాసానికి విడిగా చెప్పాడు.

ఇంటికి రాగానే ఆయనను అడిగాను, చూడాలనిపించేది ఏమైనా ఉన్నదా అని. కాశీ అంటారనుకున్నాను. ఊటీ అన్నారు. అక్కడ ఇప్పుడు గుర్రప్పందాల సీజన్ అట.

"కాశీకి కండ్లు లేకున్నా పోవచ్చు" అన్నారు.

13 ఏప్రిల్

ముప్ఫై ఐదేళ్ల కిందటి సంగతి రాయక తప్పదు. హైదరాబాదు రేసుల్లో ఆయన నా వడ్డాణం పోగొట్టారు. ఆ సాయంత్రమే ఆయన కుడిచెయ్యి లాక్కొని నా తలమీద పెట్టించుకున్నాను. ఇక రేసు గేటు దాటనని ఒట్టు వేయించాను. దాటలేదు. పేకముక్క కూడా ముట్టలేదు. వడ్డాణం ఊసు ఎత్తడం మాత్రం నేను మానలేదు.

16 ఏప్రిల్

రైల్వే టైమ్‌టేబుల్ తెప్పించాను. పెద్దపల్లిలో ఎక్కి మద్రాసు, అక్కడినుంచి మెట్టుపాళయం, ఆపైన కొండబండి. దేవుడి పని, పెళ్లి పని లేకుండా మేమిద్దరం ఊరు వెళ్లడం ఇదే మొదలు. ఉన్ని శాలువాలు రెండు కావాలి.

కైలాసం ఒప్పుకోలేదు. "అవ్వా, గా కొండలల్ల బాపు పడితె ఎవలు లేపుతరే?" అన్నాడు. నేను లేపుతానన్నాను. పక్కింటి లస్మవ్వ గోడమీదినుంచి విని, "మాకు ఏకాశి ఉపాసాలు చెప్పుకుంట, నువ్వు గుర్రాల కాడికి పోతున్నవా దొరసానీ?" అని నవ్వింది. పోతున్నానని చెప్పాను.

24 ఏప్రిల్

రిజర్వేషన్ దొరికింది. మే 11.

1 మే, ఆదివారం

ఊటీ వస్తారట, రేసుల లోపలికి మాత్రం రారట. బయట నిలబడి డెక్కల చప్పుడు వింటారట. ఒట్టున్నది కదా అన్నారు.

చారులో పోపు వేస్తూ వంటింట్లోంచే చెప్పాను, ఆ ఒట్టు తీసేశానని.

"చెయ్యి వట్టుకొని పెట్టించిన ఒట్టు, వంటింట్లకెల్లి కేకేస్తే పోతదా? రేపు నీ తలకేమన్నయితె?" అన్నారు.

ఇన్నేళ్లూ ఆయన నా నోటికి జడిసి మానుకున్నారనుకున్నాను.

చేతులు కడుక్కొని ఆయన దగ్గరికి వెళ్లాను. కోడలు గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతున్నది. ఆమె చూస్తుండగా ఆయన ముందు తల వంచలేకపోయాను. శాలువాలు మడతపెట్టి వచ్చేశాను.

6 మే

మజ్జిగ గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి జానెడు పక్కకు వెళ్లింది. నేను చూడనట్టే ఉన్నాను.

11 మే. పెద్దపల్లి స్టేషను, ఉదయం 8.

బండి ఆలస్యం. సిగ్నల్ పడిందా అని నన్ను అడిగారు. పడే ఉన్నది.

ఇక జరగవలసినవి:

1. రేసు గేటు దగ్గర, ఎంతమంది ఉన్నా సరే, ఆయన చెయ్యి నా తలమీద పెట్టించుకొని ఒట్టు తీసెయ్యాలి. గట్టిగా అనాలి.

2. కంచె పక్కనే చోటు దొరకాలి.

3. పందెం ఒక్కటే. గుర్రాన్ని ఆయనే ఎంచుకోవాలి. నేను నోరెత్తకూడదు.

4. ఏ గుర్రం ఏ రంగో అడిగితే తప్ప చెప్పకూడదు.

5. అవి పరుగెత్తుతున్నంతసేపు నేను ఆయన ముఖం చూడాలి.